ఇద్దరికీ ఒకటే పాట

(ఉద్యోగుల పఠన బృందం సాయంత్రపు సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డింగు నుంచి అక్షరబద్ధం)

అందరికీ నమస్కారం. రోజంతా పనిచేసి, ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవాల్సిన వేళ ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. జంటగా వచ్చినవాళ్లు కొందరు కనిపిస్తున్నారు. ఒక్కరే వచ్చినవాళ్లలో కొందరికి జోడీ ఇంకా డ్యూటీలోనే ఉండుంటారు. మా ఇంట్లోనూ అంతే, ఈవేళ మా ఆయనకు రాత్రి షిఫ్టు.

నేను ఒక పాటల యంత్రం కథతో మొదలుపెడతాను.

1979లో సోనీ కంపెనీ చిన్న క్యాసెట్ ప్లేయర్ ఒకటి తయారుచేస్తోంది. నడుముకు తగిలించుకుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, నడుస్తూ పాటలు వినొచ్చు. కంపెనీ ఛైర్మన్ అకియో మోరిటా నమూనా యంత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి వింటూ కూర్చున్నారు. వాళ్లావిడకు చిరాకొచ్చింది. మనిషి ఎదురుగానే ఉన్నాడు, కానీ లోపల గడియ పెట్టుకున్నట్టు ఉన్నాడు. ఆమె తనను బయట నిలబెట్టేసినట్టు బాధపడుతోందని ఆయనకు అర్థమైంది. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ ఏడు జులై 1న దుకాణాల్లోకి వచ్చిన మొదటి వాక్‌మన్‌కు రెండు హెడ్‌ఫోన్లు తగిలించుకునే వీలు పెట్టారు. రెండు జాక్‌లు. మొదట్లో తయారైనవాటిమీద ఒకదాని పక్కన ‘గైస్’ అనీ, ఇంకోదాని పక్కన ‘డాల్స్’ అనీ రాసి ఉండేది, అతనికొకటి, ఆమెకొకటి అన్నమాట. ఇంకో ముచ్చట కూడా ఉంది. ఆ యంత్రానికి నారింజరంగు మీట ఒకటి ఉండేది. దాన్ని నొక్కితే పాట శబ్దం తగ్గి, లోపలున్న చిన్న మైకు ద్వారా ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. హెడ్‌ఫోన్ తియ్యక్కర్లేదు.

ఆ మీట గురించి చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఒక భార్య చిరాకుకు ఇంజనీర్లు ఇచ్చిన జవాబు అది. ఎంత మంచి జవాబో చూడండి! పాట ఆగదు, మనిషీ దూరం కాడు.

తర్వాత ఏమైందంటే, కొన్నవాళ్లు దాన్ని ఎవరికి వారే వాడుకున్నారు. తర్వాతి నమూనాల్లో ఆ మీట పోయింది. రెండో జాక్ కూడా పోయింది. ఇవాళ మన చెవుల్లో ఉండేవాటికి తీగే లేదు. మీరు ఏం వింటున్నారో పక్కనున్న మనిషికి తెలిసే దారే లేదు.

నేను ఈ సాయంత్రం చెప్పదలుచుకున్నది ఆ రెండో జాక్ గురించే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో తీరిక తక్కువ, నిజమే. కానీ మా ఇంట్లో నేను గమనించినదేమిటంటే, దొరికిన కాస్త తీరికలో కూడా రెండో జాక్ ఉండటం లేదు. ఆయన తీరిక ఆయనది, నా తీరిక నాది. రెండూ ఒకే గదిలో, ఒకే దివాను మీద గడుస్తున్నాయి. అయినా కలిసి గడిపినట్టు లేదు.

నేను కాలేజీలో సైకాలజీ చెబుతాను, కాబట్టి రెండు మూడు ప్రయోగాల గురించి చెప్పకుండా ఉండలేను. 2014లో ఎరికా బూత్‌బీ అనే పరిశోధకురాలు, తన తోటివాళ్లతో కలిసి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఒక చిన్న పరీక్ష పెట్టారు. మనుషులకు చాక్లెట్ రుచి చూపించారు. ఒకసారి పక్కనున్న మనిషి కూడా అదే చాక్లెట్ తింటూ ఉంటారు, ఇంకోసారి పక్క మనిషి వేరే పనిలో ఉంటారు. ఇద్దరూ మాట్లాడుకోకూడదు. తీపి చాక్లెట్, పక్క మనిషీ అదే తింటున్నప్పుడు ఎక్కువ బాగుందన్నారు. బాగా చేదుగా ఉన్న చాక్లెట్ ఇచ్చి చూస్తే, కలిసి తిన్నప్పుడే ఎక్కువ బాగోలేదన్నారు. అంటే పక్కన మనిషి ఉండటం ఒక్కటే చాలలేదు. ఆ క్షణంలో ఆ మనిషి కూడా మనం చూస్తున్నదే చూస్తూ, మనం రుచి చూస్తున్నదే చూస్తూ ఉంటే, ఆ అనుభవం చిక్కబడుతుంది. మంచైనా, చెడైనా.

ఇప్పుడు మా ఇంటికి తీసుకెళ్తాను మిమ్మల్ని. మాకు పెళ్లయి పదహారేళ్లు. మా ఆయనది కంప్యూటర్ సర్వర్లు కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం. నెలలో రెండు వారాలు రాత్రి పనే. ఆయన పొద్దున ఏడున్నరకు ఇంట్లో అడుగుపెడతారు, నేను ఎనిమిదింపావుకు గడప దాటతాను. మధ్యలో ముప్పావుగంట. చాలా ఏళ్లు ఆ ముప్పావుగంటంతా అప్పగింతలతోనే అయిపోయేది. నీళ్ల మోటారు పాడైంది, పాపకు దగ్గుగా ఉంది, కరెంటు బిల్లుకు ఇవాళే ఆఖరు తేదీ, మీ అన్నయ్య ఫోన్ చేశారు. రెండు షిఫ్టుల మనుషులు డ్యూటీ మార్చుకుంటూ రిజిస్టరు అప్పగించినట్టుండేది.

మూడేళ్ల కిందట ఒక మార్పు చేసుకున్నాం. ఆయన వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ ఉంటారు, నేను అద్దం ముందు జుట్టు దువ్వుకుంటూ ఉంటాను. ఫోన్‌ను ఖాళీ గ్లాసులో నిలబెట్టి కిటికీ గట్టు మీద పెడతాం, శబ్దం కాస్త పెద్దగా వినిపిస్తుందని. ఒకే ఒక పాట. నాలుగు నిమిషాలో, ఐదో. పాట అయ్యేదాకా మోటారు మాట, బిల్లు మాట రాకూడదు. అంతే నియమం. మొదటి వారం నాకు చాలా కష్టమైంది. నాలుక చివర పది పనులుండేవి. పల్లవి అయి చరణం మొదలయ్యేసరికి ‘ఆ చెక్కు ఇచ్చారా?’ అని అడగబోయి ఆగేదాన్ని. రెండో వారానికి ఆయన ఒక బూటు విప్పి రెండోది విప్పకుండా, అలాగే స్టూలు మీద కూర్చుండిపోయి వినడం మొదలుపెట్టారు. నేను దువ్వెన పట్టుకుని ఆయన వైపు తిరిగాను. ఆ రోజు ఏం మాట్లాడుకున్నామో చెప్పమంటే చెప్పలేను, ఏమీ మాట్లాడుకోలేదు కాబట్టి. కానీ ఆ రోజంతా క్లాసులో నా గొంతు తేలిగ్గా ఉంది.

దీనికి పాటే ఎందుకు, కాసేపు కబుర్లు చెప్పుకుంటే చాలదా అని అడగొచ్చు. కబుర్లూ కావాలి. కానీ అలసిపోయిన మనుషులిద్దరు మాట్లాడుకుంటే ఆ మాట పనుల మీదికి జారిపోతుంది. పాటకు ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. దాన్ని ఎవరూ నడపక్కర్లేదు, అదే మనల్ని నడిపిస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. 2011లో కెనడాలోని మాంట్రియల్‌లో వలోరీ సాలింపూర్, రాబర్ట్ జటోరె అనే పరిశోధకుల బృందం, పాట వింటూ ఒళ్లు జలదరించే మనుషుల మెదళ్లను స్కాన్ చేసింది. ఇష్టమైన ఘట్టం వచ్చినప్పుడు డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన మెదడు రసాయనం విడుదలవుతుందని తేలింది. అంతకంటే ఆసక్తికరమైన సంగతి, ఆ ఘట్టం రాబోతోందని ఎదురుచూసే కొద్ది క్షణాల్లోనూ డోపమైన్ విడుదలవుతోంది, మెదడులో వేరే భాగంలో. తెలిసిన పాటలో ‘ఇదిగో, ఇప్పుడొస్తుంది’ అని మనం బిగబట్టే ఊపిరి ఉంది చూడండి, అదీ ఆనందంలో భాగమే. అలాంటి చోట ఇద్దరూ ఒకేసారి తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారనుకోండి. దాన్ని కొలిచే స్కాన్ నాకు తెలిసి లేదు కానీ, దానికోసం నేను పొద్దున్నే పదిహేను నిమిషాలు ముందు లేవడానికి సిద్ధం.

ఈ ఎదురుచూపు దగ్గరే ప్రయాణాల సంగతి వస్తుంది. నెదర్లాండ్స్‌లో జెరోన్ నవైన్, ఆయన సహచరులు 1,530 మందిని పరిశీలించి 2010లో ఒక ఫలితం ప్రచురించారు. వాళ్లలో 974 మంది సెలవు యాత్రకు వెళ్లినవాళ్లు. వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్ల కంటే సంతోషంగా ఉన్నారు, ఇంకా బయల్దేరకముందే! తిరిగి వచ్చాక మాత్రం వెళ్లినవాళ్లకూ, వెళ్లనివాళ్లకూ పెద్ద తేడా లేదు. యాత్ర చాలా విశ్రాంతిగా గడిచిందన్నవాళ్లకు మాత్రమే ఆ సంతోషం కొంతకాలం నిలిచింది. ‘చాలా’ అన్న మాట గమనించండి. ఓ మాదిరి విశ్రాంతికి ఫలితం లేదు.

నేను ఈ పాఠం పుస్తకంలో చదవకముందే దెబ్బ తిని నేర్చుకున్నాను. ఏడేళ్ల కిందట మేమిద్దరం నాలుగు రోజుల ట్రిప్పుకు వెళ్లాం. పాపను అమ్మ దగ్గర వదిలి, ఎంతో కష్టపడి ఇద్దరికీ ఒకేసారి సెలవు కుదుర్చుకుని వెళ్లిన ట్రిప్పు. చూడాల్సిన చోట్లు పదకొండు. వాటిని టైములతో సహా కాగితం మీద రాసుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం ఒక కొండమీదికి చేరాం, అప్పటికే అరగంట ఆలస్యం. ఆయన రెయిలింగ్ పట్టుకుని లోయలోకి చూస్తూ నిలబడ్డారు. ‘ఇలా రా, ఈ నీడ చూడు’ అన్నారు. నేను కారు పక్కనే నిలబడి, వాచీ చూసుకుని, ‘టైమైపోయింది, పదండి’ అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా వచ్చి కారెక్కారు. ఆ తర్వాత చూసిన ఏడు చోట్లూ ఫోటోల్లో ఉన్నాయి, నాకు గుర్తు లేవు. ఆ నీడ ఏమిటని ఏడాది తర్వాత అడిగాను. మబ్బు నీడ ఒకటి పొలాల మీదుగా పాక్కుంటూ వచ్చి, ఒక ఊరిని సగానికి కప్పి ఆగిందట. సగం ఊరు ఎండలో, సగం ఊరు నీడలో. ఆయనకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. నేను దాన్ని చూడలేదు, పది అడుగుల దూరంలో ఉండి చూడలేదు.

2016లో గాబ్రియెలా టోనియెట్టో, సెలిన్ మల్కోచ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ జబ్బుకు పేరు పెట్టారనిపించింది నాకు. సరదా పనికి కూడా ఫలానా రోజు, ఫలానా గంటకు అని కచ్చితంగా టైము పెట్టుకుంటే, అది మనసుకు ఉద్యోగంలాగే తోస్తుందనీ, దానిలో ఆనందం తగ్గుతుందనీ వాళ్లు వరుస ప్రయోగాల్లో చూపించారు. అలాగని ప్లానే వద్దనలేదు. ‘శనివారం మధ్యాహ్నం ఎప్పుడో కలుద్దాం’ అని ఉజ్జాయింపుగా అనుకుంటే ఆనందం తగ్గలేదు. తీరిక లేని జంటలకు ఇది బంగారంలాంటి సంగతి. ప్లాన్ లేకపోతే మనకు అసలు కుదరదు, అతిగా ప్లాన్ చేస్తే కుదిరినది కూడా డ్యూటీ అవుతుంది. రోజును గట్టిగా పట్టుకుని, గంటను వదిలెయ్యాలి. మా ఇంట్లో ఇప్పుడు క్యాలెండరులో ఆ చదరం చుట్టూ పెన్సిల్‌తో గీత మాత్రం ఉంటుంది, లోపల ఏమీ రాయం.

అలాంటి ఒక ఖాళీ చదరంలో దొరికిందే మా బస్సు ప్రయాణం. ఇంటి ముందు నుంచి రోజూ పోయే బస్సు ఒకటుంది. దాని నెంబరు పదేళ్లుగా చూస్తున్నాం, మేం దిగే స్టాపు దాటాక అది ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలియదు. ఒక ఆదివారం ఎక్కి చివరి స్టాపుకు టిక్కెట్టు తీసుకున్నాం. తీగ ఉన్న పాత ఇయర్‌ఫోన్ ఒకటి సొరుగులోంచి తీసి ఆయన జేబులో వేసుకున్నారు. కిటికీ వైపు నేను, ఆయన ఎడమ చెవిలో ఒకటి, నా కుడి చెవిలో ఒకటి. తీగ పొట్టిది. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఒకరిది ఊడి కిందపడేది, ఊడకుండా ఉండాలంటే తలలు దగ్గర పెట్టుకోవాలి. పాట సగమే వినిపిస్తుంది, మిగతా సగం చెవిలో ఇంజను మోత, కండక్టరు కేక. రోజూ దిగే స్టాపు వచ్చినప్పుడు అలవాటుగా ఇద్దరం లేవబోయి, మళ్లీ కూర్చున్నాం. ఆ ఒక్క క్షణం, బస్సు మా స్టాపు దాటి ముందుకెళ్లిన క్షణం, నాలుగు రోజుల ట్రిప్పు మొత్తంలో దొరకనిది దొరికింది. అటు తర్వాత ప్రతి వీధీ కొత్తదే. చివరి స్టాపులో చూడటానికేమీ లేదు. ఒక పెద్ద చెట్టు, దాని కింద నీడలో నిలిపిన మూడు బస్సులు. డ్రైవరు దిగి మొహం కడుక్కున్నాడు. మేం ఇరవై నిమిషాలు ఆ చెట్టు అరుగు మీద కూర్చుని, అదే బస్సులో తిరిగొచ్చాం.

కొత్తదనం విలువ ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వవేత్త చాలాకాలం పరిశీలించిన విషయం. 1993లో ఆయనా, సహచరులూ 53 జంటలను తీసుకుని, పది వారాల పాటు వారానికి గంటన్నర కలిసి గడపమన్నారు. కొన్ని జంటలకు హాయిగా ఉండే పనులు, కొన్నింటికి ఉత్సాహం పుట్టించే పనులు ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. పది వారాల తర్వాత ఉత్సాహం పుట్టించే పనులు చేసిన జంటల్లోనే దాంపత్య తృప్తి ఎక్కువగా కనిపించింది. 2000లో వచ్చిన ఇంకో పరిశోధనలో, భార్యాభర్తల చేతులూ కాళ్లూ పట్టీలతో జతగా కట్టి, ఒక దిండును చేతులతో పట్టుకోకుండా ఇద్దరి మధ్యా అదిమి ఉంచి, పరుపు మీద పాకుతూ అడ్డంకి దాటమన్నారు. ఆ కొద్ది నిమిషాల ఆట తర్వాత కూడా తేడా కనిపించింది. డబ్బు ఖర్చు లేదు, దూరం లేదు. ఇద్దరికీ తెలియని పని ఒకటి ఇద్దరూ కలిసి చెయ్యడమే అందులో ఉన్నది. మా బస్సుకు ఈ పరిశోధన తోడు నిలుస్తుందని నా నమ్మకం.

ప్రయాణం చివర గురించి ఒక్కమాట. 1993లోనే డేనియల్ కానెమన్ అనే మనస్తత్వవేత్త బృందం మనుషుల చెయ్యి 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక నిమిషం పెట్టించింది. ఇంకోసారి అదే నిమిషం, దానికి అదనంగా అర నిమిషం. ఆ అర నిమిషంలో నీళ్లు మెల్లగా ఒక డిగ్రీ వెచ్చబడ్డాయి. రెండింటిలో ఏది మళ్లీ చేస్తారంటే ఎక్కువమంది పొడుగుదే కోరుకున్నారు. అనుభవం ఎంతసేపన్నది జ్ఞాపకం లెక్కపెట్టదు, ఎలా ముగిసిందన్నది పట్టుకుంటుంది. మేం ఇప్పుడు ఎక్కడికెళ్లినా ఆదివారం అర్ధరాత్రి ఇల్లు చేరేలా రాం. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం. బట్టల మూట విప్పం. సాయంత్రం ఇద్దరం మా వరండాలోనే, ఇంకా ఊళ్లో లేనట్టే కూర్చుంటాం.

ఇదంతా భార్యాభర్తలు సర్దుకుంటే సరిపోయే వ్యవహారమని నేను అనను. అలా అనడం అన్యాయం. బ్రిటన్‌లో మిల్లు యజమాని, సంస్కర్త అయిన రాబర్ట్ ఓవెన్ 1817లో ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి అన్నారు. వినోదాన్ని నిద్రతో కలిపెయ్యకుండా దాని వాటా దానికి ఇచ్చారు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతినీ, తీరికనూ, జీతంతో కూడిన సెలవులనూ ప్రతి మనిషి హక్కుగా చెప్పింది. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి పని వేళల తర్వాత ఫోన్‌కు, మెయిల్‌కు దూరంగా ఉండే హక్కు చట్టంలోకి వచ్చింది. ఆ కొండమీది ట్రిప్పులోనే మా ఆయనకు ఆఫీసు నుంచి రోజుకు రెండు మూడు ఫోన్లు వచ్చాయి. ‘ఒక్క నిమిషం’ అని మొదలయ్యేవి. కాల్ ఐదు నిమిషాల్లో అయిపోయేది, ఆయన మనసు తిరిగి రావడానికి గంట పట్టేది. మీలో పై హోదాల్లో ఉన్నవాళ్లుంటే, సెలవులో ఉన్న మనిషికి ఫోన్ చేసేముందు ఆ గంటను కూడా లెక్కలో వేసుకోండి. ఇది అభ్యర్థనగానే చెబుతున్నాను, గట్టిగా చెబుతున్నాను.

ఎవరి తీరిక వాళ్లకు ఉండాలి కూడా. ఆయన ఒక్కరే వాకింగ్‌కు వెళ్తారు, నేను రాకూడదు. నేను మధ్యాహ్నం తలుపు వేసుకుని చదువుకుంటాను. దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, రోజూ కాస్త ఒంటరితనం దొరికితేనే నాకు మనుషులు ముద్దొస్తారు.

ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(సభలో ఒకరు: మేడమ్, మా ఇద్దరి పాటలు అస్సలు కలవవు. ఒకే పాట ఇద్దరూ ఎలా వింటారు?)

మావీ కలవవమ్మా. ఆయనకు మాటల్లేని వాద్యసంగీతం ఇష్టం, నాకు పాటంటే మాట ఉండాలి. అందుకని రోజు విడిచి రోజు వంతు పెట్టుకున్నాం. ఎవరి వంతు వాళ్లు ఎంచుతారు, రెండోవాళ్లు పాట అయ్యేదాకా ఏమీ అనకూడదు. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వవేత్త 1968లో చూపించారు, ఒకే వస్తువు పదేపదే కంటపడుతుంటే దానిమీద ఇష్టం పెరుగుతుందని. నేను మాత్రం మొదటి నెలంతా ఆయన వంతు రోజున ఊరికే ఓపిక పట్టాను, ఉన్నమాట చెప్పాలి కదా. ఆయన ఎప్పుడు కళ్లు మూసుకుంటారో చూసేదాన్ని. పాటకంటే అదే ఎక్కువ తెలిసింది నాకు. ఐదారు నెలలు గడిచాక ఒక రాత్రి, ఆయన డ్యూటీలో ఉన్నారు, నేను గిన్నెలు కడుక్కుంటూ కూనిరాగం తీస్తున్నాను. ఇది ఏ పాటా అని మాటల కోసం వెతుక్కుంటే ఒక్క మాటా దొరకదు. కుళాయి కట్టేసి నిలబడ్డాక తెలిసింది, అది ఆయన పెట్టే వాద్యం. తడి చేత్తోనే ఫోన్ చేశాను. వెనకాల మెషీన్ల హోరు వినిపిస్తోంది. సంగతి చెప్పాను. ‘ఏదీ, ఒకసారి వినిపించు’ అన్నారు. వినిపించాను.